అట్టపెట్టె మీది చెయ్యి

పోయిన వారం చిన్నకోడలు వీధి తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక పరాయి మనిషి నిలబడి ఉంది. బళ్ళో లెక్కలు చెప్పే టీచరమ్మ. ఆమె చేతిలో అట్టపెట్టె నుంచి చింపిన ముక్క. దాని మీద ఎర్ర రంగుతో అచ్చు వేసిన ముసలి చెయ్యి. "ఈ చెయ్యి ఎవరిది? ఆ మనిషిని నేను చూడాలి. మీ ప్యాకెట్ విప్పబోయి మా నాన్న పోయాడు" అంది. అక్కడ ఆపాం.

ఆ చెయ్యి ఆ ఇంటి పెద్దావిడది, అంటే చిన్నకోడలి అత్తగారిది. ఇంటి వెనక పెరట్లోనే వాళ్ళ పని షెడ్డు. టమాటా సాసు, ఆవాల సాసు ఒక మనిషికి ఒక పూటకి సరిపోయేంత నింపే చిన్న ప్యాకెట్లు అక్కడ తయారవుతాయి. మామగారు ఉన్న రోజుల్లోనే ఒక ఆనవాయితీ పెట్టాడు. కొత్తగా ఏ ప్యాకెట్ చేసినా ముందు దాన్ని పెద్దావిడ ముందు బల్ల మీద పెట్టాలి. ఆవిడవి కీళ్ళు వాచిన చేతులు, వంకర్లు తిరిగిన వేళ్ళు. కత్తెర ముట్టుకోకూడదు, పళ్ళు పెట్టకూడదు. ఆవిడ విప్పగలిగితేనే సరుకు గడప దాటాలి. "మీ అత్త చేతికి లొంగిందంటే లోకం చేతికి లొంగినట్టే" అనేవాడు. ఆయన పోయాక పెద్దకొడుకు ఆ చేతినే బొమ్మ గీయించి పెట్టెల మీద వేయించాడు. కొనేవాళ్ళు ఆ బొమ్మని చూసి నమ్మేవారు.

ఇప్పుడు ఆసుపత్రుల కోసం చేసిన విరిచే ప్యాకెట్‌ని గీసింది మాత్రం చిన్నకోడలు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది. ఒక వైపు గట్టి ప్లాస్టిక్ రేకు, రెండో వైపు మెత్తటి సంచి. రేకుకి నడుమ సన్నటి గాటు. ఒంటి చేత్తో పట్టుకుని రెండుగా మడిస్తే గాటు దగ్గర పుటుక్కున విరుగుతుంది. నొక్కినకొద్దీ సాసు వస్తుంది. రెండో చెయ్యి అక్కర్లేదు. సెలైన్ సూది గుచ్చి ఉన్న రోగి కూడా ఎవరినీ పిలవకుండా విప్పుకోవచ్చని ఆమె ఆశ.

టీచరమ్మ తండ్రి అలాంటి రోగే.

ముందు గదిలో ఆమెని కూర్చోబెట్టారు. అక్కడే పొద్దుటి తిండి తింటున్న పెద్దకొడుకు సగంలో లేచాడు. బల్ల మీద కొరికి వదిలేసిన రొట్టెముక్క, వెన్న రాసుకునే చిన్న కత్తి, చల్లారిన టీ అలాగే ఉన్నాయి. కిటికీలోంచి పెరడు కనిపిస్తోంది. లారీకి పెట్టెలు ఎక్కిస్తున్నారు. లారీ డ్రైవరుని అందరూ 'ఆలస్యం' అంటారు. పెళ్ళికి పిలిస్తే బారసాలకి వస్తాడని పేరు. ఆ మనిషి ఆవేళ చెప్పిన టైముకన్నా ముందే వచ్చి, బండి చుట్టూ తిరుగుతూ టైర్లు తన్ని చూసుకుంటున్నాడు.

"మంచినీళ్ళు తాగుతారా మేడమ్?" అన్నాడు పెద్దకొడుకు.

"నీళ్ళ కోసం రాలేదు."

ఆమె అట్టముక్కని బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. ఏడుపు లేదు. పిల్లలకి లెక్క విడమరిచి చెప్పే గొంతుతో మొదలుపెట్టింది.

"మా నాన్న దర్జీ. చూపు తగ్గాక కూడా సూదిలో దారం ఎక్కించమని ఎవరినీ అడిగేవాడు కాదు. ఛాతీకి నిమ్ము పట్టి ఆసుపత్రిలో పెట్టాం. నిమ్ము తగ్గిపోయింది. ఇంక ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చన్నారు. ఆ పూట ఉడకబెట్టిన బంగాళదుంప ఇచ్చారు, ఉప్పూ కారం లేకుండా. పక్కన మీ ప్యాకెట్ పెట్టారు. కుడి చేతికి సూది ఉంది. ఎడం చేత్తో విరవబోయాడు. రాలేదు. నర్సుని పిలవచ్చుగా? పిలవడు. 'ఒకళ్ళ చేత విప్పించుకుని తినే రోజు వస్తే ఆ తిండే మానేస్తా' అనే మనిషి. సూది ఉన్న చేతి కింద ప్యాకెట్‌ని అదిమి పట్టుకుని ఎడం చేత్తో పళ్ళెంలోని కత్తి దించాడు. అది జారింది."

పెద్దకొడుకు తల దించుకున్నాడు. చిన్నకోడలు తలుపు పక్కన నిలబడి వింటోంది.

"అరచెయ్యి లోతుగా తెగింది. ఆయనకి షుగరు. చీము పట్టింది, చెయ్యి నల్లబడింది. తీసేద్దామన్నారు. దర్జీవాడికి చెయ్యి తీసేస్తే ఇంకేం మిగుల్తుందన్నాడు. చివరికి మాకూ ఏమీ మిగల్లేదు."

"వినడానికే కష్టంగా ఉంది మేడమ్" అన్నాడు పెద్దకొడుకు. నిజంగానే కష్టపడ్డట్టు ఉంది మొహం. "కానీ రోగి పళ్ళెంలో కత్తి పెట్టింది ఆసుపత్రివాళ్ళు. ప్యాకెట్ మాత్రం మేం పరీక్ష చెయ్యకుండా పంపం. ఇది మా నాన్న పెట్టిన పద్ధతి. మీరు చెయ్యి చూడాలన్నారు కదా, చూద్దురుగాని. అమ్మా! ఒకసారి ఇలా రా."

పెద్దావిడ గోడ పట్టుకుంటూ వచ్చింది. విషయం ఆవిడకి ఇంకా తెలియదు. ఎవరో కొనేవాళ్ళు వచ్చారనుకుంది. అట్టముక్క చూసి నవ్వింది.

"ఇది నా చెయ్యేనమ్మా. గీసినవాడు మంచివాడు, గోళ్ళు మాత్రం పెళ్ళినాటివి వేశాడు. కూర్చో కూర్చో. మొహం అలా వాడిపోయిందేం? పొద్దున్నుంచి ఏమీ తినలేదా?"

పెద్దకొడుకు ఒక ప్యాకెట్ తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "విప్పమ్మా" అన్నాడు.

ఆవిడ కుడి చేత్తో దాన్ని అందుకుంది. ఇంకా టీచరమ్మ మొహమే చూస్తోంది. చూస్తూనే ప్యాకెట్‌ని అరచేతిలోకి దొర్లించి, ఒక మూలని బొటనవేలి మొదటికి ఆనించి, పిడికిలి ముడిచింది. పుటుక్కుమంది. సాసు పళ్ళెంలో ఎర్రగా పడింది. బఠానీకాయ ఒలిచినంత సేపు కూడా పట్టలేదు.

టీచరమ్మ ఆ ఎర్రటి మరక వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఈ వయసులో, ఆ వేళ్ళతో మా అమ్మ విప్పింది. ఇంతకన్నా ఏం చూపించమంటారు?" అన్నాడు పెద్దకొడుకు. గొంతు మెత్తగానే ఉంది.

పెద్దావిడ బల్ల మీది నీళ్ళ సీసా అందుకుంది. టీచరమ్మకి ఇద్దామని మూత తిప్పబోయింది. తిరగలేదు. ఇంకోసారి తిప్పింది. తర్వాత రోజూ చేసే పనే కాబట్టి సీసాని చిన్నకోడలి వైపు చాపింది.

"అమ్మాయ్, ఈ మూత తియ్యి."

చిన్నకోడలు తీసింది. తీసి, మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పొద్దున్న అత్తగారి జాకెట్టు గుండీలు పెట్టింది తనే. మందు సీసా తెరిచింది తనే. దువ్వెన జారిపోతుంటే తల దువ్వింది తనే. వాటిలో ఏ ఒక్కటీ చెయ్యలేని చెయ్యి, గట్టి రేకుని చూడకుండా ఎలా విరిచింది?

ఈ ప్యాకెట్ మొదటి నమూనా తయారైనప్పుడు గాటు ఇంకొంచెం లోతుగా ఉండాలని ఆమెకి అనిపించింది. బావగారికి చెప్పింది. "లోతు చేస్తే లారీ కుదుపుకే విరిగి పెట్టెనిండా సాసే. అయినా అమ్మ చెయ్యి ఒప్పుకుంది కదా" అన్నాడాయన. నిజమే, కొనేవాళ్ళ ఎదురుగానే ఒప్పుకుంది. తన చేతికి బిగువుగా తోచినా, ఆ చేతి కన్నా తన చెయ్యి గొప్పదా అని ఊరుకుంది.

"అయితే తప్పు మా నాన్నదేనన్నమాట" అంది టీచరమ్మ.

ఆమె అట్టముక్కని దూరంగా తోసింది. "మా అమ్మ అదే అంటోంది. దర్జీవాడై ఉండి ఈ ప్యాకెట్‌కి కత్తి పెట్టి, మొండితనంతో ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని. రోజూ ఆయన ఫోటోతో పోట్లాడుతోంది. నేను కాదని చెప్పి, రుజువు తెస్తానని వచ్చాను. ఇంటికి వెళ్ళి నువ్వే గెలిచావని చెప్తాను."

అప్పుడు పెద్దావిడకి సంగతి తెలిసింది. ఆవిడ మొహం మీది నవ్వు పోయింది. కొడుకు వైపు చూసింది. కొడుకు కిటికీలోంచి లారీని చూస్తున్నాడు.

"నాకు కళ్ళు తిరుగుతున్నాయి. పడుకుంటాను" అంది.

చిన్నకోడలు ఆవిడని పట్టుకుని వెనక గదిలోకి నడిపించింది. ముందు గదిలో పెద్దకొడుకు కొత్తగా టీ తెప్పిస్తానని టీచరమ్మని కూర్చోమని బతిమాలుతున్నాడు. పరాయి మనిషి కోపంతో వెళ్ళిపోవడం కన్నా టీ తాగి వెళ్ళిపోవడం మంచిదని ఆయనకి తెలుసు.

అత్తగారి గది ఎప్పుడూ వెనిగర్ వాసన వేస్తుంది. కీళ్ళ నొప్పికి వెనిగర్‌లో గుడ్డ తడిపి కట్టుకుంటున్నానని ఆవిడ చెప్పేది. తలకింద దిండు మీద ఇంకో దిండు కూడా ఉంటుంది. మెడకి ఎత్తు కావాలని ఆవిడే కుట్టుకుంది. ఎవరైనా దులుపుతామంటే ఒప్పుకోదు.

మంచం మీద కూర్చోబెట్టి, చిన్నకోడలు అత్తగారి కుడి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. అరచెయ్యి తెరిచింది. బొటనవేలి మొదట్లో, మెత్తగా ఉండాల్సిన చోట, వేరుశనగ గింజంత కాయ కాసి ఉంది. చీపురు పట్టి ఏళ్ళు దాటిన చెయ్యి అది.

"ఇదేంటి అత్తయ్యా?"

"ముసలి చేతికి ఏదో ఒకటి వస్తుంది. వదులు."

"ఏం పని చేస్తే వచ్చింది?"

"నువ్వు పోలీసువా? వదలవే."

చెయ్యి లాక్కుంటూ ఆవిడ వెనక్కి వాలింది. పైదిండు గలగలమంది. దూదికి గలగల ఎక్కడిది? చిన్నకోడలు దిండు లాగింది. ఆవిడ రెండు చేతులతో పట్టుకోబోయింది, వేళ్ళు పట్టు ఇవ్వలేదు. కుట్టు తెగింది. దుప్పటి మీదికి విరిగిన ప్యాకెట్లు దొర్లాయి. అన్నీ శుభ్రంగా కడిగినవి, ఆరబెట్టినవి. దిండు నిండా అవే.

పెద్దావిడ దుప్పటి అంచు లాగి వాటిని కప్పబోయింది.

"పారేస్తే పనిమనుషులు చూస్తారని" అంది పెద్దావిడ. "సాసు స్నానాల గదిలో పారబోసేదాన్ని. కడిగి దాచేదాన్ని."

"ఎప్పటినుంచి?"

"కొనేవాళ్ళు వస్తారనగానే. పెద్దాడు బుట్టతో తెచ్చి ఇచ్చాడు. చేతికి అలవాటు చేసుకోమ్మా అన్నాడు. మొదట్లో నా వల్ల కాలేదే. ఒక్కటి విరిగితే ఒట్టు. వేళ్ళు పట్టేసి ఏడ్చేదాన్ని. తర్వాత ఎక్కడ పట్టుకోవాలో తెలిసింది. వేళ్ళతో కాదు, ఇక్కడ..." అని కాయ చూపించబోయి ఆగింది. "ఇక్కడ ఆనిస్తే విరుగుతుంది. ఇప్పుడు నిద్రలో కూడా విరుస్తాను."

"ఎందుకు అత్తయ్యా? మామగారు ఆ బల్ల ఎందుకు పెట్టారో మీకు తెలియదా?"

"తెలుసు."

"మరి?"

పెద్దావిడకి కోపం వచ్చింది. ఏడవాల్సిన చోట కోప్పడటం ఆవిడకి అలవాటు.

"నీ కోసమేనే, మొద్దూ! నీ మొగుడు పోయిన ఏడాదే పెద్దాడు ఏమన్నాడో గుర్తులేదా? 'ఈమెని పిన్నిగారింటికి పంపేద్దాం, ఇక్కడుండి ఏం చేస్తుంది' అన్నాడు. నేనన్నాను, ఇక్కడే ఉంటుంది, బొమ్మలు గీస్తుంది, దాని చేతిలో విద్య ఉంది అని. నా మాట మీద నిలబడ్డావు ఈ ఇంట్లో. నువ్వు గీసిన మొదటి పెద్ద వస్తువు, నలుగురి ముందు నా చేతిలోనే ఓడిపోతే? నిన్ను ఉంచుతాడా?"

చిన్నకోడలు ఒక విరిగిన ప్యాకెట్‌ని తీసి వేలితో గాటు తడిమింది. తను గీసిన గీతే. కాగితం మీద అది ఎంత సన్నగా, ఎంత అందంగా కనిపించింది.

"మీరు ఓడిపోతేనే నేను గెలిచేదాన్ని అత్తయ్యా" అంది నెమ్మదిగా. "మీ చేతికి రాలేదంటే, లోపలికి తీసుకెళ్ళి గాటు లోతు చేసేదాన్ని. లారీ కుదుపుకి విరుగుతుందంటే పెట్టెలో అరలు పెట్టేదాన్ని. మళ్ళీ మీ ముందు పెట్టేదాన్ని. ఆ చెయ్యి మీది కాదు. చేతకానివాళ్ళందరిదీ. దానికి మీరు నేర్పేశారు. ఆ దర్జీకి ఎవరు నేర్పారు?"

పెద్దావిడ వంకర వేళ్ళతో ప్యాకెట్లని ఒక్కొక్కటే దిండు గలీబులోకి తోయడం మొదలుపెట్టింది, అవి కనబడకపోతే జరిగింది జరగనట్టు అయిపోతుందేమో అన్నట్టు.

"అయిందా?"

పెద్దకొడుకు గుమ్మంలో ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో. తలుపు దగ్గరగా వేసి లోపలికి వచ్చాడు.

"బావగారూ, లారీ ఆపండి" అంది చిన్నకోడలు లేచి నిలబడి.

"అరవకు. ఆ టీచరమ్మ ఇంకా ఉంది."

"ఆ పెట్టెలన్నీ ఆసుపత్రులకే వెళ్తున్నాయి. ప్రతి పళ్ళెంలో ఒకటి పెడతారు. ఎవరో ఒకరు కత్తి తీసుకుంటారు."

"ఎవరో ఒకరు మంచం మీంచి కింద పడి కూడా పోతారు. మంచం చేసినవాణ్ణి పట్టుకుంటామా?" ఆయన గొంతు తగ్గించాడు. "అమ్మా, నువ్వు విను. నేనేం విషం కలపమన్నానా? అలవాటు చేసుకోమన్నాను. సరుకు నిలబడాలి, షెడ్డు నిలబడాలి, నలభై ఇళ్ళల్లో పొయ్యి వెలగాలి. నీ చెయ్యి వద్దంటే ప్యాకెట్లు పోసే అచ్చు, ఆ డై మొత్తం పారేసి మళ్ళీ చేయించాలి. అది నా వల్ల అయ్యే పనా? ఇప్పుడు ఈమె వెళ్ళి ఆవిడతో ఏం చెప్తుంది? మా అత్తగారు అబద్ధమాడిందని చెప్తుంది. నాన్న పెట్టిన బల్ల మీద, నాన్న పెళ్ళాం మోసం చేసిందని చెప్తుంది. ఆ మాట బయటికి పొక్కితే నువ్వు వీధిలో తలెత్తుకుని నడుస్తావా?"

పెద్దావిడ తల వంచుకుంది.

ఆయన చిన్నకోడలి వైపు తిరిగాడు. "చెప్పాలనుంటే చెప్పు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. పెట్టె మీది చెయ్యి అమ్మది. ప్యాకెట్‌ని గీసిన చెయ్యి ఎవరిది? రేపు పోలీసులు వస్తే ముందు ఎవరిని అడుగుతారు?"

ఆ మాట చిన్నకోడలికి తగిలింది. మొగుడు పోయాక ఈ గోడలు తప్ప ఆమెకి నీడ లేదు. పిన్నిగారిల్లు అన్నది మాటవరసకే, ఆ పిన్ని ఇంట్లో తనకి పడుకునే చోటు కూడా లేదని ఆమెకి తెలుసు. అత్తగారి మాట మీద నిలబడ్డ మనిషి, అత్తగారి మాటే అబద్ధమని ఎలా చెప్పాలి? అన్నం పెట్టిన చేతిని నరకడం అంటే ఇదేనేమో.

ముందు గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. టీచరమ్మ వెళ్ళడానికి లేస్తోంది. పెరట్లో లారీ వెనక తలుపులు ధడాలున మూసుకున్నాయి. "ఇంకేం లేవా? నేను బయల్దేరతా!" అని ఆలస్యం అరిచాడు. షెడ్డులో ఎవరో నవ్వారు. "ఇవాళ పొద్దు పడమట పొడిచిందిరోయ్, ఆలస్యానికి తొందరొచ్చింది!"

చిన్నకోడలు తలుపు తోసుకుని ముందు గదిలోకి వెళ్ళింది.

టీచరమ్మ సంచి భుజానికి తగిలించుకుని ఉంది. టీ ముట్టుకోలేదు. అట్టముక్కని మాత్రం బల్ల మీదే వదిలేసింది.

"ఒక్క నిమిషం కూర్చోండమ్మా" అంది చిన్నకోడలు.

"ఇంకెందుకు? చూశాను కదా."

"సరిగ్గా చూడలేదు. మీ నాన్నగారు ఏ చేత్తో విరవబోయారన్నారు?"

"ఎడం చేత్తో. కుడి చేతికి సూది ఉందని చెప్పానుగా."

చిన్నకోడలు వెనక్కి తిరిగింది. పెద్దావిడ గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చి ఉంది. ఆవిడ వెనక పెద్దకొడుకు. చిన్నకోడలు కొత్త ప్యాకెట్ ఒకటి తీసి, బల్ల మీద, మామగారి కాలం నుంచీ నమూనాలు పెట్టే చోటే పెట్టింది.

"అత్తయ్యా. ఎడం చేత్తో విప్పండి."

"అక్కర్లేదు" అన్నాడు పెద్దకొడుకు. "అమ్మకి ఒంట్లో బాగాలేదు. అమ్మా, లోపలికి పద."

పెద్దావిడ కదల్లేదు. ప్యాకెట్ వైపు చూసింది. అట్టముక్క మీది చేతి వైపు చూసింది. పెళ్ళినాటి గోళ్ళు ఉన్న చెయ్యి అది. తర్వాత కోడలి కళ్ళలోకి చూసింది. వద్దని బతిమాలుతున్నట్టు ఒక్క క్షణం అనిపించింది. అంతలోనే వచ్చి కుర్చీలో కూర్చుంది. కుడి చేతిని తన తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది, అల్లరి పిల్లవాణ్ణి కదలకుండా కూర్చోబెట్టినట్టు.

ఎడం చెయ్యి బల్ల మీదికి వచ్చింది.

ఆ చేతికి ఎవరూ ఏమీ నేర్పలేదు. ప్యాకెట్‌ని పట్టుకోవడానికే వేళ్ళు తడుముకున్నాయి. మడిచింది. జారింది. మళ్ళీ పట్టుకుని బల్ల అంచుకి ఆనించి ఒత్తింది. రేకు వంగింది, విరగలేదు. కణుపులు తెల్లబడ్డాయి. ఆవిడ పెదవి కొరుక్కుంది. పక్కకి తిప్పింది, బోర్లా తిప్పింది, గోటితో మూల గీకింది. ప్యాకెట్ మళ్ళీ జారి పళ్ళెం దగ్గర పడింది.

అక్కడ వెన్న కత్తి ఉంది.

ఆవిడ ఆలోచించలేదు. చేత కాని పని దగ్గర మనిషి చెయ్యి ఎలా వెళ్తుందో అలా వెళ్ళింది. కుడి చెయ్యి తొడ కిందనుంచి దానంతటదే వచ్చి ప్యాకెట్‌ని అదిమి పట్టుకుంది. ఎడం చెయ్యి కత్తి ఎత్తింది. మొన సరిగ్గా ఆ కాయ ఉన్న చోటికి గురి పట్టి దిగుతోంది.

"వద్దు!"

టీచరమ్మ అరిచి ఆవిడ మణికట్టు పట్టుకుంది. కత్తి గాలిలో ఆగింది. టీచరమ్మ మొహం పాలిపోయింది. తండ్రి చెయ్యి తెగిన క్షణాన్ని ఆమె ఇప్పుడు చూసింది.

పెద్దావిడ తలెత్తింది.

"మీ అమ్మకి చెప్పు తల్లీ" అంది. "ఆయన మొండివాడు కాదు. ఆ ప్యాకెట్ రాదు. నాకూ రాదు. నేను దొంగచాటుగా నేర్చుకున్నాను."

టీచరమ్మ నెమ్మదిగా కత్తిని ఆవిడ వేళ్ళలోంచి విడిపించి తీసుకుంది.

పెరట్లో లారీ గుర్రుమని అందుకుంది. చిన్నకోడలు ఒక్క ఉదుటున పెరటి తలుపు వైపు పరిగెత్తింది. పెద్దకొడుకు అప్పటికే అక్కడ ఉన్నాడు. వీపు తలుపుకి ఆనించి, రెండు చేతులూ వెనక్కి చాచి గడియ పట్టుకున్నాడు. ఆయన తల్లి వైపు చూడటం లేదు. మరదలి వైపూ చూడటం లేదు.

"మేడమ్" అన్నాడు టీచరమ్మతో, మెత్తగా, ఇందాక మంచినీళ్ళు తాగుతారా అని అడిగిన గొంతుతోనే. "మా అమ్మ ముసలిది. ఆవిడకేం తెలుసు? విప్పమంటే విప్పింది. కానీ మీ నాన్నగారి ప్రాణం తీసిన ఆ ప్యాకెట్‌ని గీసింది ఎవరో ఇంతవరకు మీకెవరూ చెప్పలేదనుకుంటాను."

టీచరమ్మ తల తిప్పి చిన్నకోడలి వైపు చూసింది. కత్తి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

బయట గేటు కిర్రుమంది. లారీ రోడ్డెక్కుతోంది.